ఒహాయో నుంచి వస్తుంది, ఉప్పల్ నుంచి రాదు

మా అమ్మను ఎవరైనా "బిడ్డ ఏం పని చేస్తది?" అని అడిగితే, "మాదాపూర్ల మందుల కంపెనీ, కంప్యూటర్ ముందట పని" అంటుంది. తప్పేం లేదు. కాస్త వివరంగా చెప్పాలంటే, మందు మార్కెట్లోకి వచ్చాక దాన్ని వాడినవాళ్ళకు ఏమైందో రాసిపెట్టడం నా పని. దీని పూర్తి పేరు ఫార్మకోవిజిలెన్స్. మేమంతా పీవీ అనేస్తాం. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా, టెస్టింగ్ కోర్సుల బోర్డుల మధ్య పీవీ కోర్సు బోర్డులు కూడా వేలాడుతుంటాయి. బీఫార్మసీ, ఫార్మ్‌డీ అయిపోయి మెడికల్ రెప్‌గా ఎండలో తిరగడం ఇష్టం లేని పిల్లలు చాలామంది అక్కడ తేలతారు. నేనూ తేలాను.

ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: కేసు చెల్లాలంటే ఏమేం ఉండాలి? నాలుగు. పేషెంట్ ఒకరున్నారని తెలియాలి, చెప్పినవాళ్ళెవరో తెలియాలి, అనుమానం ఉన్న మందు పేరు ఉండాలి, ఏమైందో ఉండాలి. అంతే. మందు వల్లే అయిందని రుజువు అక్కర్లేదు. పేషెంట్ పూర్తి పేరు కూడా అక్కర్లేదు, వయసో ఆడో మగో ఇనిషియల్సో ఏదో ఒకటి చాలు. "మా కాలనీలో చాలామందికి ఆ గోలీ పడలేదట" అంటే మాత్రం కేసు అవదు. ఆ చాలామందిలో ఒక్క మనిషినైనా చూపించాలి.

మాకు రోజూ వచ్చే కేసులు ఎక్కువగా అమెరికావి, యూరప్‌వి, కొన్ని జపాన్‌వి. ఒహాయోలో ఓ పెద్దాయన బీపీ మాత్ర వేసుకున్నాక పొడి దగ్గు మొదలైందని ఆయన భార్య కంపెనీకి ఫోన్ చేస్తుంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ముందు దించుకుంటాం. ఆ తర్వాత మెడ్‌డ్రా అనే పెద్ద పదకోశంలో దానికి సరిపోయే పదం వెతుకుతాం. అందులో 80 వేలకు పైగా పదాలు, వాటి పైన శరీర భాగాల వారీగా 27 గుంపులు. ఇదే కేసు ముందే వేరే దారిలో వచ్చిందేమో చూస్తాం, ఎందుకంటే ఒకే మనిషి గురించి భార్య, డాక్టరు, ఒక్కోసారి లాయరు కూడా విడివిడిగా చెబుతారు. లాయర్ల కేసులు కట్టలు కట్టలుగా ఊడిపడతాయి. ఆ వారం క్యాంటీన్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినా, ప్రాణం మీదికి వచ్చినా, చనిపోయినా, అవయవం చెడినా, పుట్టిన బిడ్డకు లోపమున్నా అది సీరియస్ కేసు. ఆ బాధ మందు కరపత్రంలో లేనిదైతే 15 రోజుల్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు చేరాలి. అవి క్యాలెండర్ రోజులు. మన దసరా, సంక్రాంతి ఆ లెక్కలోకి రావు. అందుకే సెలవు లిస్టు దగ్గర మా టీములో జరిగే గొడవలు అన్నీ ఇన్నీ కావు. ఆ 15 రోజుల లెక్క మొదలయ్యే డే జీరో ఎప్పుడంటే, కంపెనీ తాలూకు మనిషి ఎవరైనా సరే మొదటిసారి విన్న రోజు. సేల్స్ వాళ్ళు విన్నా విన్నట్టే. పెళ్ళి భోజనంలో పక్కన కూర్చున్న చుట్టం మా కంపెనీ మందు పేరు చెప్పి "అది వేసుకుంటే గుండె దడ వచ్చిందమ్మా" అంటే, రసం అన్నం తిన్నాకనైనా నేను ఆ సంగతి ఆఫీసుకు చెప్పాల్సిందే. అందుకే మావాళ్ళు చాలామంది ఫంక్షన్లలో మందుల మాట వస్తే మెల్లగా ఐస్‌క్రీమ్ స్టాల్ వైపు నడుస్తారు.

ఏదైనా కేసు అవుతుందా అని కొత్తగా చేరినవాళ్ళు ఆశ్చర్యపోతారు. స్కూటర్ మీంచి పడ్డాడు, ఇది కూడానా? అలర్జీ మాత్ర వేసుకుని నిద్రమత్తులో బండి నడిపి ఉంటే? బాత్రూములో జారిపడిన ముసలావిడ కొత్త బీపీ మాత్ర మొదలుపెట్టి ఉంటే? మందు పనిచేయలేదన్నా రాస్తాం. గర్భంతో ఉన్నప్పుడు వేసుకున్నారని తెలిస్తే, ఏమీ కాకపోయినా రాస్తాం. మందు వల్లేనా కాదా అని తేల్చేది మా టేబుల్ దగ్గర కాదు. నాకు ఈ పనిలో బాగా నచ్చేది అదే. డాక్టరు ముందు "ఏమో సార్, దానివల్లేనేమో" అని నసిగే మనిషిని కూడా ఇక్కడ పూర్తిగా వింటారు.

ఇన్నేళ్ళుగా చూస్తున్నా, దేశం అన్న గడిలో ఇండియా అని కనిపించడం అరుదు. కనిపించినా ఎక్కువగా ఏదో మెడికల్ కాలేజీ వాళ్ళు జర్నల్లో అచ్చువేసుకున్న కేసే. ఫోన్ చేసి చెప్పిన గృహిణి, ఫారం నింపిన మెడికల్ షాపాయన దాదాపు కనిపించరు. అమెరికా పెద్దాయన దగ్గు హైదరాబాద్‌లో నమోదవుతుంది. హైదరాబాద్ పెద్దాయన దగ్గు ఎక్కడా నమోదవదు. ఇది కొన్నేళ్ళుగా నన్ను తొలిచేస్తోంది. మా పెద్దమ్మ సంగతితో అది మరీ ఎక్కువైంది.

పెద్దమ్మ ఉప్పల్‌లో ఉంటుంది. కింది పెదవి మీద ఎడమ పక్క నల్లటి మచ్చ. ఏడాదికి రెండు మూడుసార్లు అక్కడే మంట పుట్టి, పొక్కు లేచి, చిట్లి, మానిపోయేది. మానిన ప్రతిసారీ మచ్చ ఇంకొంచెం ముదిరేది. జ్వరం పొక్కు అని అందరం అనుకున్నాం. ఒంట్లో బాగోనప్పుడే వస్తోంది కాబట్టి అలా అనుకోవడంలో వింతేం లేదు. ఎదురింటావిడ నెయ్యి రాయమంది. మా బావ ఎండ వల్ల అన్నాడు. ఒక డాక్టరు జ్వరం పొక్కులకు రాసే క్రీమే రాశాడు.

మొన్న బోనాలకు వెళ్ళినప్పుడు బోనం ఎత్తుకున్న ఆమె చెయ్యి చూశాను. కుడి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి నల్లమచ్చ.

"ఇదెప్పటిది పెద్దమ్మా?"

"గదీ గంతేనే. మూతి మండినప్పుడల్లా ఇదీ దురద పెడ్తది. గదే జాగల."

అదే జాగల అన్న మాటకు నా చేతిలో ప్లేటు ఆగిపోయింది. జ్వరం పొక్కు సాధారణంగా మణికట్టు మీదికి రాదు. ప్రతిసారీ అదే చోట, గుండ్రంగా, మానాక నల్లగా మిగిలే మచ్చ గురించి చదువుకున్న రోజుల్లోనే చెబుతారు. ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. ఏదో ఒక మందు ఒంట్లోకి వెళ్ళినప్పుడల్లా చర్మంలో అదే చోట కాచుకుని ఉన్న రక్షణ కణాలు మేలుకుని అక్కడే దాడి చేస్తాయి. మందు ఆపితే తగ్గుతుంది, మళ్ళీ వేసుకుంటే గంటల్లోనే మళ్ళీ లేస్తుంది.

"మూతి మండే ముందు ఏం గోలీ ఏసుకున్నవ్?"

"నేనేం ఎయ్యలే."

ఇది అందరూ చెప్పే మొదటి జవాబు. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు మందుల్లెక్క కాదు, నొప్పికి వేసుకున్నది లెక్క కాదు, ఆయుర్వేదం సరేసరి. అందుకే మేం ఫాలో-అప్ ప్రశ్నల్లో మందులు అని ఒక్కసారే అడిగి ఊరుకోం. ఒంట్లో ఎందుకు బాగోలేదు, అప్పుడు షాపుకు ఎవరు వెళ్ళారు, ఏం తెచ్చారు అని వెనక దారిలో వెళ్తాం. పెద్దమ్మ దగ్గర కూడా అదే పని చేసింది. మోషన్స్ అయినప్పుడల్లా పెదనాన్న గల్లీ చివర మెడికల్ షాపుకు వెళ్ళి రెండు గోలీలు తెస్తాడు. పేరు ఆయనకు తెలియదు, షాపతనికి ఈయన ముఖం చూస్తే తెలుసు. ఆ గోలీలో ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ రెండూ కలిపి ఉంటాయి. విరేచనాలకు మన ఊళ్ళో చీటీ లేకుండా చేతిలో పెట్టే మందు అది. నిజానికి మామూలు విరేచనాలకు ఓఆర్ఎస్, పిల్లలకైతే దాంతోపాటు జింక్ చాలు, కానీ ఆ గొడవ ఈ రోజు వద్దు.

ఇక తేదీలు. పెద్దమ్మకు తేదీలు తెలియవు, కానీ ఏదీ మర్చిపోదు. "ఒకసారి సద్దుల బతుకమ్మ తెల్లారి. ఒకసారి సూర్యాపేటల చిన్నోని లగ్గం అయినంక. ఇంకోసారి మొన్న ఎండాకాలం మామిడిపండ్లు బాగ తిన్నప్పుడు." మూడుసార్లూ ముందు మోషన్స్, తర్వాత గోలీ, మర్నాటికి మూతి మంట. మధ్యలో ఒకసారి వైరల్ ఫీవర్ వచ్చి వారం మంచం మీద ఉంది, అప్పుడు పారాసిటమాల్ తప్ప ఇంకేం వేసుకోలేదు, మచ్చ కదలలేదు. జ్వరం పొక్కు అయ్యుంటే అప్పుడు రావాలి కదా! పండగ తేదీలు క్యాలెండర్లో చూసి రాసుకున్నాను. ఎండాకాలం దానికి నెల మాత్రమే దొరికింది. నెల, సంవత్సరం ఉన్నా చాలు, మా డేటాబేస్ సగం తేదీని కూడా తీసుకుంటుంది.

నేను డాక్టర్ని కాదు. స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మచ్చలు చూసి, నా కాగితం చూసి, నిమిషంలో తేల్చేసింది. ఆ రెండు మందుల్లో ఏది కారణమో పరీక్ష చేయకుండా చెప్పలేమని, పరీక్ష కంటే రెండూ మానడమే మంచిదని, వాటి అన్నదమ్ముల్లాంటి మందులు కూడా డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దని చెప్పింది. మా ఆఫీసు లెక్కలో కూడా అంతే, రెండూ సస్పెక్టే. బయటికి వచ్చాక పెద్దమ్మ అంది: "గింతమందికి ఇస్తున్నడు షాపోడు, నాకొక్కదానికే ఎందుకు పడలే?" దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆమెకొక్కదానికేనా అన్నది తెలియాలంటే ఎవరో ఒకరు లెక్క రాయాలి కదా. ఆ రాత్రి ఫారం తీశాను.

మన దేశంలో ఈ పని కోసం ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఉంది. 2010 జూలైలో ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రంగా మొదలైంది, 2011 నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తోంది. మెడికల్ కాలేజీల్లో ఏడీఆర్ (మందు వల్ల కలిగే చెడు ప్రభావం) మానిటరింగ్ సెంటర్లు ఉంటాయి. మన దగ్గర ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో ఉన్నాయి. అక్కడి ఫార్మకాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కేసులు తీసుకుని పైకి పంపుతారు. అక్కడి నుంచి అవి స్వీడన్‌లోని ఉప్సలాకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున నడిచే విజీబేస్ అనే ఖజానాకు చేరతాయి. డాక్టర్లకు ఒక ఫారం, మామూలు జనానికి ఇంకో ఫారం. జనం ఫారం తెలుగులో కూడా ఉంది. ఈ సంగతి నేను చెప్పేదాకా మా ఆఫీసులోనే సగం మందికి తెలియదు. రోజంతా అమెరికా ఫారాలతో బతికేవాళ్ళం మరి.

ఫారం నింపుతుంటే బ్యాచ్ నంబర్ గడి దగ్గర ఆగిపోయాను. పెదనాన్న డబ్బాలో మిగిలిన గోలీ వెతికితే దొరికింది. కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క, రెండు గోలీల గదులు, ఒకటి ఖాళీ. పేరులో సగం అక్షరాలు. బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న అంచు షాపులోనే ఉండిపోయింది. ఎక్కడికి పోతాయి ఆ అంచులు? పదిలో రెండు కోసిచ్చే అలవాటు పేదవాడి జేబుకు మంచిదే, నేను కాదనను. కానీ స్ట్రిప్ తయారీదారులు బ్యాచ్ వివరాలు ఒక్క చివరే ఎందుకు కొడతారో, ప్రతి గది వెనకా ఎందుకు కొట్టరో నాకెప్పుడూ అర్థం కాలేదు.

మర్నాడు షాపుకు వెళ్ళాను. షాపాయన మంచివాడే, కానీ నా చేతిలో కాగితం చూడగానే మొహం మారింది. "మేడం, కంప్లెయింటా? నా లైసెన్స్ మీదికి వస్తదా?" కంప్లెయింట్ కాదని, ఫారంలోనే రాసి ఉంటుందని చూపించాను. రిపోర్టు పంపినంత మాత్రాన డాక్టరుదో కంపెనీదో మందుదో తప్పని ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా అచ్చువేసి ఉంటుంది, పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచుతారు. చదివాక కాస్త నెమ్మదించి బిల్లుల పుస్తకం తిప్పాడు. బిల్లు లేకుండా ఇచ్చిన రెండు గోలీల బ్యాచ్ ఎలా దొరుకుతుంది? ఆ నెలలో హోల్‌సేల్ నుంచి వచ్చిన సరుకు బ్యాచ్‌లు మాత్రం చెప్పాడు. బ్యాచ్ గడిలో తెలియదు అనే రాశాను.

పెద్దమ్మ విషయంలో బ్యాచ్ పెద్దగా అక్కరకు రాదు, ఆమె ఒంటికి ఆ మందే పడదు. కానీ మందు సరుకులోనే తేడా ఉన్నప్పుడు బ్యాచ్ నంబరే ప్రాణం. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు మందు తాగిన పిల్లలకు కిడ్నీలు పాడై చనిపోయారు. మందులో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిందని తేలింది. అప్పుడు తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా బ్యాచ్ నంబర్ చెప్పి మరీ ఆ మందు వాడొద్దని హెచ్చరించింది. సీసా మీద అంటించిన కాగితం చింపేసుకుని, మూతతో కొలిచి తాగించే ఇళ్ళల్లో ఆ నంబర్ ఎక్కడ చూసుకుంటారు?

మందులు అమ్మే ముందే పరీక్షించి వదులుతారు కదా, మళ్ళీ ఇదంతా ఎందుకని మా బావ అడిగాడు. మంచి ప్రశ్నే. ఒక కొత్త మందును ట్రయల్స్‌లో మహా అయితే కొన్ని వేల మంది మీద చూస్తారు. మూడు వేల మంది వాడి ఒక్కరికీ ఫలానా ఇబ్బంది రాలేదనుకోండి. అప్పుడు కూడా లెక్కల ప్రకారం ధైర్యంగా చెప్పగలిగేది, అది వెయ్యిమందిలో ఒకరి కంటే ఎక్కువ మందికి రాకపోవచ్చని మాత్రమే. పదివేల మందిలో ఒకరికి వచ్చే కాలేయం జబ్బు ఆ వలలో పడదు. పైగా ట్రయల్‌లోకి గర్భిణులను, బాగా ముసలివాళ్ళను, కిడ్నీలు సరిగా లేనివాళ్ళను సాధారణంగా తీసుకోరు. ఏడు రకాల గోలీలు ఒకేసారి వేసుకునే మా పెదనాన్న లాంటివాళ్ళను అసలే తీసుకోరు. మందు బజారులోకి వచ్చాక మొదట కొనేది వాళ్ళే.

అందుకే ఒక్కొక్క రిపోర్టూ పోగుచేయడం. వంటింట్లో ఒక చీమ కనిపిస్తే తుడిచేస్తాం, బారుగా కనిపిస్తే చక్కెర డబ్బా ఎక్కడుందా అని వెతుకుతాం. ఒక మందు గురించి వచ్చిన రిపోర్టులన్నిటిలో ఫలానా బాధ వాటా ఎంత, మిగతా మందులన్నిటి రిపోర్టుల్లో దాని వాటా ఎంత అని పోలుస్తారు. తేడా కొట్టొచ్చినట్టు ఉంటే దాన్ని సిగ్నల్ అంటారు. సిగ్నల్ అంటే తీర్పు కాదు, వెళ్ళి చూడమని చెప్పడం. టీవీలో ఒక మందు గురించి వార్త వచ్చిన వారం దాని మీద రిపోర్టులు పోటెత్తుతాయి, ఆ ఊపుకు మోసపోకూడదు.

2023 చివర్లో మన ఫార్మకోపియా కమిషన్ మెఫెనమిక్ యాసిడ్ మీద ఒక హెచ్చరిక ఇచ్చింది. నెలసరి నొప్పికీ జ్వరానికీ ఇళ్ళల్లో బాగా వాడే మందు. దాంతో అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ రావచ్చని, గమనించి రిపోర్టు చేయమని డాక్టర్లకూ జనానికీ చెప్పింది. ఇది మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, గడ్డలు, ఒక్కోసారి కాలేయం దాకా పాకే అలర్జీ. ఇక చూడండి, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆ రోజంతా ఎర్ర గుర్తులే. "ఈ గోలీ బ్యాన్ అయింది, ఎవరూ వాడొద్దు." బ్యాన్ కాలేదు, అరుదు అని కూడా అందులోనే రాసి ఉందని నేను పెట్టిన మెసేజ్‌కు ఒక్క బొటనవేలు కూడా పడలేదు. కానీ నాకు అందులో సంతోషం కలిగించిన విషయం వేరు. ఆ హెచ్చరిక మన దేశంలో మనవాళ్ళు పంపిన రిపోర్టుల్లోంచి పుట్టింది. ఎవరో ఎక్కడో ఫారం నింపారు.

ఈ విషయంలో హైదరాబాద్‌కు పాత చరిత్ర ఒకటుంది. కోఠీ ఉమెన్స్ కాలేజీ భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. 1880లలో ఎడ్వర్డ్ లారీ అనే ఆయన రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు పెద్ద కూడా. ఆపరేషన్లకు మత్తుగా క్లోరోఫామ్ వాడేవారు. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి వెళ్ళి, క్లోరోఫామ్ పీల్చిన కాసేపటికే చనిపోయింది. అప్పటి నుంచీ అలాంటి చావులు అక్కడొకటి ఇక్కడొకటి వినిపిస్తూనే ఉన్నాయి. గుండె ఆగిపోతోందని కొందరన్నారు. లారీ ఒప్పుకోలేదు. గుండెకేం కాదు, ఊపిరి చూసుకుంటే చాలన్నాడు. 1888లో కమిషన్ వేసి కుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. లండన్‌లో ద లాన్సెట్ పత్రిక నమ్మకపోతే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి అంది. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే డాక్టరు వచ్చాడు. 1889లో రెండో కమిషన్, మళ్ళీ వందల జంతువులు. లారీ చెప్పిందే నిజమని ఈ కమిషనూ తేల్చింది. మత్తు డాక్టర్లయిన తొలి మహిళల్లో ఒకరిగా చెప్పుకునే రూపా బాయి ఫర్దూంజీ ఈ లారీ దగ్గర చదువుకున్నవారే.

మనుషులు మాత్రం చనిపోవడం ఆపలేదు. లాన్సెట్ వాళ్ళు డాక్టర్ల దగ్గర నుంచి మత్తు చావుల వివరాలు ఒక్కొక్కటిగా తెప్పించి 1893లో అచ్చువేశారు. నా దృష్టిలో అది మా వృత్తికి ముత్తాత లాంటి పని. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద చూపించాడు: మత్తు పూర్తిగా ఎక్కని స్థితిలో ఒంట్లో అడ్రినలిన్ ఎగిస్తే క్లోరోఫామ్ గుండె లయను చెడగొట్టి ఆపేస్తుంది. భయంతో బల్ల మీద పడుకున్న మనిషిలో జరిగేది అచ్చం అదే. లారీ కుక్కలు అబద్ధం చెప్పలేదు, ఆయన అడిగిన పద్ధతిలో వాటికి ఊపిరే ముందు ఆగింది. అంత డబ్బు, అంత పేరు, అన్ని ప్రయోగాలు ఒక వైపు. ఎక్కడో ఊరి డాక్టరు రాసిన "పాప భయపడుతోంది, రెండుసార్లు పీల్చింది, చనిపోయింది" అన్న తరహా ముక్కలు ఒక వైపు. ఆ ముక్కల్లోనే అసలు సంగతి ఉంది. హైదరాబాద్ పేరు ఆ కథలో తప్పు పక్షాన ఉండటం నాకు కొంచెం బాధే, కానీ కోఠీ బస్టాప్‌లో నిలబడ్డప్పుడల్లా గుర్తొస్తుంది.

ఇప్పటికీ ఆ ముక్కలు చాలావరకు రావు. 2006లో వెలువడిన ఒక సమీక్షలో 12 దేశాల్లో జరిగిన 37 అధ్యయనాలు చూస్తే, రిపోర్టు కాకుండా పోయేవి మధ్యస్థంగా 94 శాతం అని తేలింది. డాక్టర్లను తప్పుపట్టడం తేలిక. ఓపీలో వందమంది క్యూ కట్టి ఉంటే ఫారం ఎవరు నింపుతారు? ఖాయంగా తెలియకుండా రాస్తే నవ్వుతారేమోనన్న మొహమాటం ఒకటి, పేషెంట్ గొడవకు వస్తాడన్న భయం ఇంకొకటి. ఒక సీనియర్ డాక్టరు నాతో అన్నాడు: "ఇది అందరికీ తెలిసిందేనమ్మా, కొత్తగా రాసేదేముంది?" కొత్త మందులకైతే ఏదైనా కొత్తే. పాత మందులకు కూడా ఎంతమందికి, ఎంత తీవ్రంగా అన్నది రాస్తేనే తెలుస్తుంది. ఆయనతో వాదించలేదు, ఫారం ఒకటి టేబుల్ మీద పెట్టి వచ్చాను.

పెద్దమ్మ కేసు వెళ్ళింది. దీనికి ఏమైనా డబ్బులొస్తాయా అని పెదనాన్న అడిగాడు. రావు. మందు ఆపేస్తారా? ఒక్క కేసుకు ఆపరు. షాపు మీద దాడులేవీ జరగవు. కాకపోతే ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ పేర్ల కింద, పెదవి మీదా మణికట్టు మీదా అదే చోట మచ్చలు, మూడుసార్లు, మందు ఆపితే తగ్గింది, మళ్ళీ వేసుకుంటే మళ్ళీ వచ్చింది అన్న వరస ఒకటి చేరుతుంది. ఇలా మళ్ళీ వేసుకుంటే మళ్ళీ రావడాన్ని మా భాషలో పాజిటివ్ రీచాలెంజ్ అంటారు, అది ఉన్న కేసు బంగారం. మామూలుగా ఎవరూ కావాలని ఆ పరీక్ష చేయరు. మా పెద్దమ్మ తెలియకుండా మూడుసార్లు చేసుకుంది.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే పని దినాల్లో పగటిపూట 1800-180-3024కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. లేదా ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో దగ్గరున్న దానికి వెళ్ళి ఏడీఆర్ సెంటర్ ఎక్కడని అడగండి. సెక్యూరిటీ వాళ్ళకు తెలియకపోవచ్చు, ఫార్మకాలజీ అంటే దారి చూపిస్తారు. వెళ్ళేముందు స్ట్రిప్, బిల్లు, చీటీ ఏది ఉంటే అది పట్టుకెళ్ళండి. గోలీ ఎప్పుడు వేసుకున్నారు, బాధ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, పక్కన ఇంకేం వాడుతున్నారు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాగే అయిందా అని అడుగుతారు. తేదీ గుర్తులేకపోతే పండగ పేరు చెప్పండి, అది బతుకమ్మకు ముందో తర్వాతో వాళ్ళు రాసుకుంటారు. మందులు రాసిచ్చిన డాక్టరును అడిగి మార్చుకోకుండా మాత్రం రోజూ వాడే బీపీ, ఫిట్స్ గోలీలు మీ అంతట మీరు ఆపేయకండి.